రాజుగారి నోట తాంబూలం

ఏ కాలంలోనో ఏటి ఒడ్డున ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణమల్ల భూపతికి తన మాటల మీద తనకే మహా మోజు. నోరు విప్పాడంటే పొద్దు వాలాల్సిందే.

ఏటి మీది కర్రవంతెన పుచ్చిపోయి రెండేళ్లయింది. మళ్లీ వానలు ముంచుకొస్తున్నాయి. ఏరు పొంగితే, అవతలి పేటలో ఎవరికి నొప్పులొచ్చినా మంత్రసాని దాటి వెళ్లలేదు. అందరూ పూనుకోవాలని రాజు పౌరసభ పిలిచాడు. పట్టుమని పదిమంది రాలేదు. వచ్చినవాళ్లూ కునికిపాట్లు పడ్డారు.

"ఈ ఊళ్లో బాధ్యత తెలిసినవాడే లేడు! ఈసారి భటుల చేత ఈడ్పిస్తాను" అని రాజు మండిపడ్డాడు.

ఆస్థానంలో బుచ్చిభట్టు అనే చమత్కారి ఉండేవాడు. "భటులెందుకు ప్రభూ? సభ నింపే పూచీ నాది. అయితే సభ ముగిసేదాకా నేనిచ్చే తాంబూలం తమరు నములుతూ ఉండాలి" అన్నాడతను.

"ఓస్, అంతేనా! సభ నిండకపోతే మాత్రం కొలువు వదిలిపోవాలి సుమా!"

"చిత్తం."

బుచ్చిభట్టు రాజు చెవిన పడకుండా వీధివీధినా దండోరా వేయించాడు. "పౌరసభహో! ఈసారి రాజుగారు ఒక్క ముక్క మాట్లాడరు! మాట్లాడేది మీరేనహో!"

ఆ వింత చూడ్డానికి ఊరు ఊరంతా కదిలింది. మెట్ల మీదా, కిటికీల్లోనూ జనమే. రాజు పొంగిపోయి గొంతు సవరించుకున్నాడు. బుచ్చిభట్టు చటుక్కున తాంబూలం అందించాడు. ఇచ్చిన మాటాయె, రాజు నమలసాగాడు.

ముందుగా అవతలి పేట సుంకులమ్మ లేచింది.

"పోయినేడు నా కోడలు ఏటి ఒడ్డునే కనింది మారాజా. బిడ్డ దక్కడం మా అదృష్టం. వంతెన పనికి మా పేటంతా వస్తాం. దుంగలెవరిస్తారు?"

"నా తోటలో మద్దిచెట్లున్నాయి" అన్నాడొక రైతు.

"కోతపని మాది" అన్నారు వడ్రంగులు.

పాతచోటే మేలని కొందరు, ఎగువన కట్టాలని కొందరు కేకలేసుకున్నారు. వాదించి వాదించి ఎగువనే అని తేల్చుకున్నారు. రాజు నోరు తెరవబోయినప్పుడల్లా బుచ్చిభట్టు ఇంకో తమలపాకు చిలక అందించాడు.

జనం వెళ్లగానే రాజు తాంబూలం ఉమ్మేసి, "నన్ను మూగవాణ్ణి చేస్తావా! నా మాటలే జనాన్ని తరిమాయంటావా?" అని గద్దించాడు.

"ఎంతమాట ప్రభూ! తమరు మాట్లాడితే వాళ్ల చెవులొస్తాయి. వాళ్లు మాట్లాడితే చేతులొస్తాయి. వంతెనకు కావలసింది చేతులు కదా!"

రాజు కిటికీలోంచి చూశాడు. అప్పుడే కొందరు గొడ్డళ్లు భుజాన వేసుకుని తోటవైపు వెళ్తున్నారు. చూస్తూ చూస్తూ ఫక్కున నవ్వేశాడు.

"గడుసువాడివే! ఇదిగో కంకణం. ఇంకేం కావాలో కోరుకో."

"వచ్చే సభలో కూర్చోవడానికి నాకింత చోటు ఇప్పించండి ప్రభూ! ఇవాళ సాంతం నిలబడే ఉన్నాను."