రెండేళ్ల పోలయ్య

పూర్వం గుమ్మడికోట రాజుగారికి ఏటా ఒక కొత్తరకం కొయ్యబొమ్మ కావాల్సి వచ్చేది. చేసిపెట్టేవాడు ముసలి పోలయ్య. ఒక ఏడు మంత్రి మార్తాండశర్మ అడ్డుపడ్డాడు.

"ప్రభూ, కొత్త ఊహలు పసివాళ్లకే వస్తాయి. షష్టిపూర్తి అయినవాడి బుర్ర ఎండిపోయిన సొరకాయ. పోలయ్యను మాన్పించండి."

రాజుగారు సరేనన్నారు. పోలయ్యకు ఒళ్లు మండింది. మర్నాడు కాళ్లకు గజ్జెలు కట్టుకుని, బోసినోట్లో వేలు పెట్టుకుని, పాకుతూ సభకొచ్చాడు.

"ఇదేం వేషం పోలయ్యా?" అన్నారు రాజుగారు.

"వేషం కాదు ప్రభూ. అరవై ఏళ్లూ తిరిగి, నేను పుట్టిన సంవత్సరమే మళ్లీ వచ్చింది. షష్టిపూర్తి అంటే రెండో పుట్టుకని మన పురోహితులే చెప్పారు. అది జరిగి రెండేళ్లయింది. మంత్రిగారి లెక్కన నాకిప్పుడే ఊహలు ఊరే వయసు. కాస్త ఎత్తుకోండి."

పురోహితుడు కాదనలేక తలూపాడు. మంత్రి మాత్రం ఎగిరిపడ్డాడు. "నేనొప్పుకోను."

"తమరికెన్నేళ్లు బాబూ?"

"యాభై తొమ్మిది."

"అయ్యో, తమరింకా పుట్టనేలేదు. పుట్టాక మాట్లాడుకుందాం."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, బొమ్మ పని మళ్లీ పోలయ్యకే అప్పగించారు. ఆ ఏడు బొమ్మకు బదులు సభలోకి ఒక పెద్ద కొయ్య ఉయ్యాల వచ్చింది. సరిగ్గా మంత్రిగారి కొలతలే.