దర్బారులో వెలిసిన లాల్చీ

తన దర్బారుకు ఎవరొచ్చినా జరీ లాల్చీతోనే రావాలని దివాను ముకుందరాయలు చాటింపు వేయించాడు. ఆయనకున్నది మాత్రం ఒక్కటే జరీ లాల్చీ. ఆరేళ్ళుగా రోజూ అదే.

ఒకనాడు దర్జీ గంగులప్ప వెలిసిపోయిన నూలు లాల్చీలో వచ్చాడు.

"ఈ వెలిసిన గుడ్డతో నా ముందుకొస్తావా? ఊరు వదిలి పో!" అని దివాను గర్జించాడు.

"పోతాను దొరా. నాది రోజూ ఉతికి ఉతికి వెలిసిపోయింది. తమరిది ఆరేళ్ళయినా కొత్తదానిలా ఎలా మెరుస్తోందో సెలవిస్తే, పోయిన ఊళ్ళో చెప్పుకుంటాను."

సభలో అందరూ ఎప్పటిలాగే ఉత్తరీయాలతో ముక్కులు మూసుకుని ఉన్నారు. ఇప్పుడు వాటి చాటునే నవ్వుకున్నారు.

శిక్ష రద్దయింది. మర్నాడు గంగులప్పకు కబురొచ్చింది: "దొరగారికి ఏడు నూలు లాల్చీలు కుట్టు. గుడ్డ మాత్రం ముందే వెలిసిపోయినదై ఉండాలి."