వరుసలో మొదటి చెప్పులు

ఖాదర్ షా బాబా దవాఖానాలో ఉన్నవి నాలుగే చేతులు. రెండు బాబావి, రెండు ఆయన శిష్యుడు దస్తగిరివి. వానలు వెలిసి జ్వరాలు మొదలయ్యాయంటే చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ వాకిట్లోనే ఉండేవి. "నేను ముందొచ్చినా" అంటే "నేను ముందొచ్చినా" అని ఒకటే గొడవ. కషాయం కాచాలా, తగువులు తీర్చాలా అని దస్తగిరికి తలప్రాణం తోకకొచ్చేది.

చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. వచ్చినవాళ్ళు గడప ముందు చెప్పులు వరుసగా విడిచి, దవాఖానా వెనకున్న వేపచెట్టు నీడన కూర్చోవాలి. చెప్పుల వంతు వచ్చినప్పుడు తను కేకేస్తాడు. ఆ రోజుతో గొడవ అణిగిపోయింది. మనుషులకు లేని బుద్ధి చెప్పులకుందని దస్తగిరి మురిసిపోయాడు.

"ఎట్లుంది బాబా?" అని అడిగాడు.

"వరుస బాగుంది," అన్నాడు బాబా. అంతకు మించి ఒక్క ముక్క మెచ్చుకోలేదని దస్తగిరి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా.

ఒక మధ్యాహ్నం అతను లోపల మందు నూరుతుంటే గడప మీద నీడ పడింది. "సామీ..." అంటూ ఎవరో రొప్పుతున్నారు.

దస్తగిరి తలెత్తలేదు. "చెప్పులు వరుసలో పెట్టి కూచోప్పా," అన్నాడు.

నీడ తప్పుకుంది.

కాసేపటికి బాబా లోపలి గదిలోంచి ఇవతలికి వచ్చి, వాకిట్లోకి చూసి, ఒక్క అంగలో గడప దాటాడు. చెప్పుల వరుస చివర కుళ్ళాయప్ప అనే కూలి కూర్చుని ఉన్నాడు. ఒడిలో అతని పెళ్ళాం. గడ్డి కోస్తుంటే కొడవలి ఆమె పిక్కలో దిగింది. చుట్టిన తలగుడ్డ ఎర్రగా తడిసిపోయింది. చేలోంచి అట్లాగే మోసుకుని పరుగెత్తాడేమో, అతని కాళ్ళకు చెప్పుల్లేవు. ఏం చేయాలో తోచక, చెప్పులు పెట్టాల్సిన చోట తన రెండు పాదాలూ పెట్టుకుని కూర్చున్నాడు.

బాబా ఆమెను లోపల పడుకోబెట్టి గాయం అదిమిపట్టాడు. "నాలుగు చేతులు చాలవు. రండప్పా!" అని కేకేశాడు.

చెట్టు కింద ఉన్నవాళ్ళంతా లేచి వచ్చారు. వరుసలో మొదటి వంతు ఓబులమ్మది. ఒళ్ళు కాలిపోతున్నా, ఆ ముసలామె తన చెప్పుల్ని కాలితో పక్కకు నెట్టేసి, "మా జరం యాడికీ పోదులే, ముందు ఈ బిడ్డను సూడండి," అంటూ కుళ్ళాయప్ప పెళ్ళాం తల తన ఒడిలోకి తీసుకుంది. ఒకరు కాలు పట్టారు. ఒకరు నీళ్ళు కాచారు. ఒకరు విసనకర్రతో విసిరారు. నెత్తురు ఆగింది. చాలాసేపటికి ఆమె కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది.

కుళ్ళాయప్ప బయటికి వచ్చి దస్తగిరి కాళ్ళ మీద పడ్డాడు. "చెప్పుల్లేకపోయినా వరుసలో సోటిస్తివి సామీ. నీ మేలు మర్సిపోను."

తిట్టినా దస్తగిరి ఓర్చుకునేవాడు. ఈ మాటను మాత్రం ఓర్చుకోలేకపోయాడు. కుళ్ళాయప్పను లేవనెత్తి, నేరుగా ఓబులమ్మ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు.

"నాకెందుకు నాయనా దండం? మందియ్యి," అంది ఆమె.

అందరూ వెళ్ళాక దస్తగిరి బాబా ఎదుట తలవంచుకు నిలబడ్డాడు. "రేపటి నుంచి ఈ వరుస తీసేస్తాను బాబా."

"బాగుందని చెప్పినా గదా," అన్నాడు బాబా. తన చెప్పులు విడిచి, గడపకు ఆనించి వరుసలో మొదటి చోట పెట్టాడు. ఉత్త కాళ్ళతో లోపలికి నడిచాడు.

మర్నాడూ అవి అక్కడే ఉన్నాయి. బాబా కాలే నేల మీద అట్లాగే తిరుగుతున్నాడు.

"ఇవి ఎవరివని అడిగితే ఏం చెప్పాలి బాబా?"

"చెప్పులేసుకునే తీరిక లేక పరుగెత్తి వచ్చేవానివని చెప్పు."