మూడు డప్పులూ, దానయ్య వాచీ

పరాంకుశం మాస్టారిని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పరు. అడిగినవాడి చేత ఏదో ఒక పని చేయిస్తారు. వాడు చెమటలు కక్కి, విసుక్కుని, ఒక్కోసారి ఆయన్నే నాలుగు మాటలు అన్నాక, అప్పుడు తీరుబడిగా ఒక ముక్క సెలవిస్తారు. హార్బరు పక్కన రేకుల షెడ్డులో ఆయన బోటు నడిపేవాళ్ళకి పాఠాలు చెప్పేవారు. సముద్రం మీద మనం ఎక్కడున్నామో చెప్పే జీపీఎస్ పెట్టెలు మన బోట్లకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి.

ఒక మధ్యాహ్నం మైలపల్లి దానయ్య ఆ షెడ్డులోకి మండిపడుతూ వచ్చాడు. చేతిలోని పెట్టెని బల్ల మీద టక్కున పెట్టాడు.

"మేస్టారూ! ఈ హార్బరులో మడిసన్నోడు ఒక్కడూ లేడండీ. అందరూ సోమరిపోతులే, అబద్ధాలకోరులే!"

దానయ్య మంచి సరంగు, అంటే బోటుకి పెద్ద. వేటలో వాడికి ఎదురులేదు. కానీ ఇప్పుడు వాడి బోటెక్కే కళాసీ ఒక్కడూ లేడు. ఎక్కేవాళ్ళని వాడే తరిమేశాడు మరి. వరసకి మావ అయిన కొర్లయ్య పరుగెత్తుకుంటూ వచ్చేసరికి తాడు విప్పేశాడు. ఇంకోరోజు ఎల్లాజీ అన్నం క్యారేజీ పైకెత్తి కేకలేస్తుంటే వెనక్కి తిరిగి చూడలేదు. నూకన్నయితే నీళ్ళలోకి దిగి దణ్ణం పెట్టాడు పాపం. టైముకి రానివాడికి వాటా లేదని యజమానికి చెప్పి ముగ్గురి పొట్టా కొట్టాడు. వాళ్ళిళ్ళల్లో పొయ్యి వెలిగిందో లేదో కనుక్కున్న పాపాన పోలేదు. ఎంత అన్యాయమండీ! అది చూసి మిగతావాళ్ళూ మొహం చాటేశారు. రేపు పొద్దుటికల్లా మనుషుల్ని కూడదీసుకోకపోతే బోటు ఇంకొకరికి ఇచ్చేస్తానని యజమాని తేల్చి చెప్పాడు.

"ఆళ్ళ సంగతలా ఉంచండి. ఈ పెట్టె కూడా ఆళ్ళ బాపతే! మూడు ఉపగ్రహాలు ఎంతెంత దూరంలో ఉన్నాయో తెలిస్తే మన చోటు తేలిపోతాదని మీరే సెప్పినారు గదా! మరి మూడు దొరికినా ఇది కదలదేటండీ? నాలుగోదాని కోసం కూకుంటాది. ఆ నాలుగోదెందుకు?" అన్నాడు దానయ్య.

"ఉపగ్రహం నీతో ఏమంటుంది?" అని అడిగారు మాస్టారు.

"నానిక్కడున్నాను, నా గడియారంలో ఇంతయింది అంటాదండి. ఆ మాట మన దాకా రాడానికి ఎంతసేపు పట్టిందో సూస్తే అదెంత దూరమో తెలుస్తాది."

"మొదట్లో ఆ మాట కూడా లేదు. మనుషులు పైకి పంపిన మొట్టమొదటి ఉపగ్రహం రేడియో కూత విని, అదెక్కడ తిరుగుతోందో నేల మీదున్నవాళ్ళు పట్టేశారు. అప్పుడు ఆ లెక్కని తిరగేసి చూడాలని కొందరికి తోచింది. దాని చోటు ముందే తెలిస్తే, దాని కూత విని మన చోటే పట్టుకోవచ్చు కదా అని. ఈ విద్యంతా ఆ తిరగెయ్యడంలోంచి పుట్టింది. సరే, వెళ్ళి ఆ రాతిగట్టు మీద కూర్చో."

పని ఇదీ. కనపడకుండా మూడు చోట్ల ముగ్గురు డప్పులతో నిలబడతారు. దీపస్తంభం వెనక ఒకరు, ఐసు ఫ్యాక్టరీ వెనక ఒకరు, పాత బోట్ల షెడ్డు వెనక ఒకరు. రేడియో టైముతో సరిచేసిన గడియారాలు మాస్టారే వాళ్ళకిచ్చారు. ఒకరి తర్వాత ఒకరు, ముందే అనుకున్న క్షణానికి ఒక్క దెబ్బ కొడతారు. ఆ చప్పుడు ఎంత ఆలస్యంగా చేరిందో దానయ్య తన వాచీలో చూసుకుని, దూరాలు లెక్కకట్టి, పటం మీద మూడు చుట్లు గీయాలి. అవి కలిసేచోటే తను కూర్చున్న చోటు. నేల మీద ఎత్తుతో పని లేదు కాబట్టి, పైన నాలుగు చేసే పనికి ఇక్కడ మూడు చాలన్నారు మాస్టారు.

మొదటి డప్పు వేళ దాటినా మోగలేదు. దానయ్య పళ్ళు నూరాడు. ఎట్టకేలకు మోగింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. వాడిక ఆగలేదు, లేచి షెడ్డులోకి వచ్చిపడ్డాడు.

"సూసినారా! ఈ లెక్కన ఒక్కొక్కడూ వంద కిలోమీటర్ల అవతల నిలబడి వాయించినట్టు! ఒక్క దెబ్బ, ఒక్కటంటే ఒక్క దెబ్బ టైముకి కొట్టలేని ఎదవలు! ఎవులండీ ఆళ్ళు? పిలవండి, నాలుగు తగిలిస్తాను!"

మాస్టారి మొహం ఎర్రబడింది. ఆయనకి కోపం రావడం దానయ్య ఎప్పుడూ చూడలేదు.

"ఎంత ఆలస్యం?"

"ముగ్గురూ అయిదేసి నిమిషాలండి. పైన ఒకటో రెండో సెకన్లు తేడా, అంతే."

"ఒకళ్ళకొకళ్ళు కనపడనివాళ్ళు, ముగ్గురూ ఒకే అంత ఆలస్యం ఎలా చేశార్రా?"

దానయ్య తను రాసుకున్న మూడు అంకెల్నీ మళ్ళీ చూసుకున్నాడు.

"మూడింట్లోంచీ ఒకే అంత తగ్గించు. చుట్లు మూడూ ఒక్కచోట కలిసేదాకా తగ్గించుకుంటూ గీయి."

గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. చివరికి మూడూ కలిశాయి. కలిసింది వాడు కూర్చుని లేచిన రాతిగట్టు మీదే. వాడు తగ్గించిన అయిదు నిమిషాల వంకా, తన మణికట్టు వంకా మార్చి మార్చి చూశాడు. అది వాళ్ళ నాన్న వాచీ. అందరికన్నా ముందు చేప వేలంపాటకి చేరాలని ఆ మహానుభావుడు దాన్ని అయిదు నిమిషాలు ముందుకి తిప్పి పెట్టుకున్నాడు. కొడుకు రోజూ కీ ఇచ్చాడే తప్ప ముల్లు ముట్టుకోలేదు. రానురాను అదే లోకం టైమనుకున్నాడు. కళాసీలేమో హార్బరు సైరను నమ్ముకుని సరిగ్గా వేళకే వచ్చేవారు.

"పైనున్న గడియారాలు చాలా మేలైనవి, వాటినీ కిందనుంచి ఎప్పటికప్పుడు సరిచూస్తూనే ఉంటారు. పెట్టెలో ఉన్నదే సంత సరుకు. చోటుకి మూడు చాలు, నిజమే. నాలుగోది ఆ పెట్టె గడియారం ఎంత తప్పో తేల్చడానికి" అన్నారు మాస్టారు.

అంతలో డప్పులు భుజాన వేసుకుని మూడు వైపుల నుంచీ ముగ్గురూ వచ్చారు. కొర్లయ్య, ఎల్లాజీ, నూకన్న. దానయ్య తల వాలిపోయింది. కొర్లయ్య డప్పు కింద పెట్టి, వాడి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఏటల్లుడా, ఇయ్యాల గూడా ఆలీసంగానే వొచ్చినామా?"

దానయ్య చెయ్యి దానంతటదే వాచీని కప్పేసింది.

"మీ మావ నిన్నే అడుగుతున్నాడు దానయ్యా. వాచీ చూసి చెప్పు" అన్నారు మాస్టారు.