ఉప్పు తిన్న ఎర్రడేగ

అనగనగా, రాజులు గుర్రాలు దిగి మోటారు కార్లు ఎక్కిన కొత్తల్లో, మేఘగిరి అని ఒక కొండరాజ్యం ఉండేది. దానికి రాజు శ్రీకరవర్మ. వయసులో చిన్నవాడు, మాటలో మంచివాడు, కోపంలో మాత్రం తాతను మించినవాడు.

ఆ రాజ్యంలో ఒక శిక్ష ఉండేది. రాజును మోసగించినవాణ్ణి గద్దబండ మీద నుంచి లోయలోకి తోసేవారు. ఆ లోయలోకి రాయి విసిరితే, చప్పుడు వినబడేలోగా విసిరిన సంగతే మరచిపోవచ్చు. అంత లోతు.

రాజుగారి తాతకు ఎర్రడేగ అనే పందెపు కారు ఉండేదట. పొడుగాటి ముక్కు, గుండ్రటి దీపాలు, ఇద్దరికే చోటు. తాత పోయాక ఆ కారు ఏమైందో ఎవరికీ తెలియదు. గోడ మీద దాని పటం ఒక్కటే మిగిలింది. ఆ పటం చూస్తూ పెరిగిన శ్రీకరవర్మ, రాజు కాగానే దాన్ని అచ్చువేయించి ఊరూరా పంచి, చాటింపు వేయించాడు. "మా తాతగారి కారు వెతికి తెచ్చినవారికి కోరిన కానుక!"

ఆ చాటింపు లాభదత్తుడనే వర్తకుడి చెవిన పడింది. వెతకడానికి అతను కొండలూ ఎక్కలేదు, కోనలూ తిరగలేదు. తిన్నగా ఓబులాచారి షెడ్డుకు వెళ్ళాడు. ఓబులాచారి బళ్ళకు రేకు తొడుగులు చేసే పనిమంతుడు. నెమ్మదస్తుడు. పిరికివాడు కూడాను. పిల్లి అడ్డొస్తే ప్రయాణం మానుకునే రకం.

"ఆచారీ, ఈ పటం చూడు. ఇలాంటి కారు చెయ్యాలి."

"నకలా అయ్యా?"

"నకలేనోయ్. కొలువుకూటంలో బొమ్మలా నిలబెడతారు."

నకలు చేస్తే తప్పేముంది? బొమ్మలు చేసేవాళ్ళు చేయడం లేదూ? ఓబులాచారి సంతోషంగా ఒప్పుకున్నాడు. లాభదత్తుడు ఒక పాత వ్యాను తోలించుకొచ్చాడు. సముద్రపు ఒడ్డున ఉప్పుమళ్ళ నుంచి ఏళ్ళ తరబడి ఉప్పు మోసి మోసి మూలపడ్డ వ్యాను అది. దాని పైతొడుగు ఒలిచేసి, ఇంజనూ చక్రాలూ అడుగు చట్రమూ ఉంచి, వాటి మీద ఎర్రడేగ రేకు తొడగాలి. అదీ పని.

చట్రాన్ని సుత్తితో తట్టి చూశాడు ఓబులాచారి. ఇనుము ఖంగుమనలేదు. బొంగురుగా పలికింది. మేకు పెట్టి పొడిస్తే గోధుమరంగు పొడి జలజలా రాలింది. పైకి గట్టిగా ఉన్న ఇనుమును లోపల ఉప్పు తినేసింది.

"అయ్యా, ఇది పరుగుకు ఆగదు. మధ్యకు విరుగుతుంది."

"బొమ్మకు పరుగెందుకోయ్? పైన రంగు కొట్టు."

నిజమే కదా అనుకున్నాడు. రంగు కొట్టాడు.

కారు తయారైంది. ఎంత అందంగా వచ్చిందంటే, చేసినవాడే చూసి మురిసిపోయాడు. ఆ మురిపెం మరునాటి దాకానే. మరునాడు నిండు కొలువులో లాభదత్తుడు చేతులు జోడించి, "మహాప్రభూ, ఇదే తమ తాతగారి ఎర్రడేగ! అడవిలో పాడుపడ్డ కొట్టంలో దొరికింది. ఈ ఆచారి తుడిచి మెరుగు పెట్టాడంతే" అన్నాడు.

నకలు అన్న మాటే లేదు!

రాజు కారు చుట్టూ తిరిగాడు. ముక్కు మీద చెయ్యి వేసి నిమిరాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఆచారీ, ఇది నిజంగా మా తాతగారి కారేనా?"

లాభదత్తుడు పక్కనుంచి కాలు తొక్కాడు. గద్దబండ కళ్ళ ముందు కదిలింది. ఓబులాచారి అవునన్నట్టు తల ఊపాడు.

అది మొదటిసారి.

రాజు అక్కడితో ఆగితే బాగుండేది. "విజయదశమి నాడు దీన్ని నేనే నడుపుతాను. కోట నుంచి ఏటి ఒడ్డు దాకా కొండ దిగి వస్తాను, మా తాతగారిలాగే!" అన్నాడు. సభంతా చప్పట్లు కొట్టింది. ఓబులాచారి చేతులు మాత్రం లేవలేదు.

ఆ రోజు నుంచి అతనికి తిండి సహించలేదు. భార్య కాళమ్మ విస్తట్లో చిటికెడు ఉప్పు వేస్తే ఉలిక్కిపడి లేచాడు.

"ఏమయ్యా, ఏమైంది నీకు?"

సంగతంతా చెప్పాడు. "చెప్తే నిన్ను తోసేస్తారు" అంది. మళ్ళీ తనే, "చెప్పకపోతే ఆ రాజబిడ్డ పోతాడు" అంది. ఆ పూట ఇద్దరూ తినకుండానే లేచారు.

పండగకు ముందు రాజు కోట మైదానంలో కారును మెల్లగా నడిపి చూశాడు. మలుపు తిరిగేటప్పుడు అడుగున కిర్రుమంది. సన్నటి చప్పుడు. చూసేవాళ్ళెవరూ పట్టించుకోలేదు. ఓబులాచారి మాత్రం వంగి చట్రం కేసి చూశాడు. రాజు కారు ఆపాడు.

"ఆచారీ, ఏమిటా చప్పుడు?"

చెప్పెయ్యాలని నోరు తెరిచాడు. గద్దబండ గుర్తొచ్చింది. "పాత... పాత కారు కదా మహాప్రభూ" అన్నాడు.

అది రెండోసారి.

విజయదశమి రానే వచ్చింది. కోట ముంగిట బాకాలు ఊదారు. కారుకు పూలదండలు వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఎదురుగా కొండదారి మెలికలు తిరుగుతూ దిగుతోంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఓబులాచారి జనంలో నిలబడి దేవుళ్ళందరికీ మొక్కుతున్నాడు. ఇంజను పాడవ్వాలి, వాన పడాలి, ఏదో ఒకటి జరగాలి! ఏదీ జరగలేదు.

రాజు ఎక్కాడు. అంతలో ఆయన చెల్లెలు, ఏడేళ్ళ హేమలత, పట్టుపరికిణీ ఎత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చి పక్క సీట్లో కూర్చుంది. "అన్నయ్యా, నేనూ!" రాజు నవ్వి సరేనన్నాడు. పిల్ల అటూ ఇటూ చూసి ఓబులాచారికి చెయ్యి ఊపింది. "ఆచారి తాతా, నీ కారు ఎంత బాగుందో!"

ఇంజను గర్జించింది.

ఓబులాచారి ఏం చేస్తున్నాడో అతనికే తెలియలేదు. భటులను తోసుకుని పోయి చక్రాల ముందు అడ్డంగా పడ్డాడు.

రాజుకు కోపమొచ్చింది. "ఏమిటిది ఆచారీ? చెప్పవలసింది ఇంకా ఏమైనా ఉందా?"

"ఉంది మహాప్రభూ! తమ ఉప్పు తిన్నవాణ్ణి. ఈ బండిని ఉప్పు తినేసింది. ఇది ఎర్రడేగ కాదు. ఉప్పు మోసిన వ్యాను మీద నేను తొడిగిన రేకు. కొండ దిగితే విరిగిపోతుంది. పాపను దింపండి ప్రభూ, ముందు పాపను దింపండి!"

బాకాలు ఆగిపోయాయి.

లాభదత్తుడు పకపకా నవ్వాడు. "ముసలాడికి మతి పోయింది ప్రభూ. ఇది అసలైన ఎర్రడేగ. నాది పూచీ!"

రాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చెల్లెల్ని ఎత్తి కిందికి దించాడు. "మంచిది లాభదత్తా. నువ్వే వచ్చి నా పక్కన కూర్చో. కలిసి దిగుదాం."

లాభదత్తుడి నవ్వు ఎండిపోయింది. కళ్ళు తిరుగుతాయన్నాడు. ఈ రోజు ఉపవాసమన్నాడు. రాజు సీటు మీద చెయ్యి తట్టి, "రా" అన్నాడు. వర్తకుడు ఒక్క అడుగు వేసి అక్కడే కూలబడ్డాడు.

రాజు కారు దిగాడు. రెండు సీట్లలో రెండు ఇసుకమూటలు పెట్టించి, కారును వాలు మీద వదిలించాడు. అది దొర్లింది. వేగం అందుకుంది. మొదటి మలుపులో కొండను రాసుకుని, కల్వర్టు గతుకు మీద ఎగిరిపడింది. ఫెళ్ళుమంది. కారు మధ్యకు విరిగింది. వెనక సగం దారికి అడ్డంగా ఆగింది. ముందు సగం, మూటలతో సహా, లోయలోకి పోయింది.

అందరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. చాలాసేపటికి కింద ఎక్కడో చప్పుడైంది. హేమలత అన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లాభదత్తుణ్ణి భటులు గద్దబండ వైపు లాక్కుపోయారు. ఓబులాచారి తల వంచుకుని నిలబడ్డాడు, తన వంతు కోసం.

"మొదట అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు రాజు.

"భయం ప్రభూ."

"రెండోసారి?"

"అప్పుడు మరింత భయం. ఒక అబద్ధం ఆడి ఉన్నాను కదా."

"మరి ఈ రోజు భయం పోయిందా?"

"లేదు ప్రభూ. ఈ రోజే అన్నిటికన్నా ఎక్కువ. కానీ పాప ఎక్కింది."

రాజు చెల్లెల్ని దగ్గరికి తీసుకున్నాడు. "చెప్పావు కనుక బతికావు. నేనూ బతికాను" అన్నాడు. "కొత్త ఇనుముతో మళ్ళీ చెయ్యి. నకలు అని అందరికీ కనబడేలా దాని ముక్కు మీద రాయి. అది తయారయ్యాక మొదట నువ్వే నడపాలి. అదే నీకు శిక్ష."

ఓబులాచారి ఇంటికి వెళ్ళి కడుపునిండా అన్నం తిన్నాడు.

పిల్లలూ, నిజం చెప్పినవాడికి ఒక్కరోజే భయం, దాచినవాడికి రోజూ భయమే.