చుక్కి తిరిగిన మలుపు

అందరూ సర్దుకుని కూర్చున్నారా? ఊ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. ఊ ఆగితే కథా ఆగుతుంది. మన ఇంట్లో అదే పద్ధతి.

అనగనగా మూడు కొండల నడుమ ఒక అడవి. ఆ అడవిలో చుక్కి అనే దుప్పి ఉండేది. దానికి పరుగంటే ప్రాణం. బొర్రన్న అనే అడవిపందికీ, సూదత్త అనే ముళ్ళపందికీ కూడా అదే పిచ్చి. బొర్రన్న పొట్ట తగ్గించుకోవడానికి పరుగెత్తేవాడు. సూదత్త కబుర్లు చెప్పుకోవడానికి పరుగెత్తేది. ముగ్గురూ జట్టు కట్టి, తెల్లవారగానే కొండదారి పట్టేవారు.

ఆ జట్టుకు ఒక కట్టుబాటు ఉంది. ముందున్నవాళ్ళు ప్రతి మలుపులో ఆగి "కూ" అని పిలవాలి. వెనకున్నవాళ్ళు ఒక్కొక్కరే "ఊ" అనాలి. అందరి ఊ వినపడ్డాకే ముందుకు కదలాలి. మీరు ఇప్పుడు నాకు కొడుతున్నారే, ఆ ఊ లాంటిదే.

ఏటా తొలకరికి ఆ అడవిలో పెద్ద పరుగు పందెం జరిగేది. మూడు కొండలూ ఎక్కి దిగాలి. గెలిచినవారి పేరు ఆ కొండదారికి పెట్టేవారు, ఏడాది పాటు. పోయినేడు అది కుందేలు దారి. ఈ ఏడు అది చుక్కి దారి కావాలని చుక్కి నిద్రలో కూడా కలవరించేది.

"దారికి నా పేరు పెడితే ఎంత బాగుంటుందో కదా అన్నా" అంది బొర్రన్నతో.

"నా పేరు పెడితే దారిని వెడల్పు చేయాలి. నీ పేరే నయం" అన్నాడు బొర్రన్న.

పందెం రోజు రానే వచ్చింది. దానితో పాటు మబ్బూ వచ్చింది. పందెం పెద్ద ఎలుగు తాత ఆకాశం చూసి, "వాన ముదిరేట్టుంది. వద్దనుకున్నవాళ్ళు ఇప్పుడే ఇంటికి పోవచ్చు" అన్నాడు. జలుబు చేసిందంటూ కుందేలు జారుకుంది. మిగిలినవాళ్ళు గీత మీద నిలబడ్డారు.

మొదటి కొండ మీద సన్నని తుంపర. చుక్కి అందరికన్నా ముందుంది. మలుపులో ఆగి "కూ" అంది. "ఊ" అన్నాడు బొర్రన్న. "ఊ ఊ, వస్తున్నానే తల్లీ, ఈ బురదేమిటే" అంది సూదత్త. ఒక్క ఊ చాలు, కానీ సూదత్త ఏదీ ఒక్కటితో ఆపదు.

రెండో కొండ మీద ఈదురుగాలి. చుక్కి "కూ" అంది. ఊలు ఆలస్యంగా వచ్చాయి. పందెంలో ఉన్న పెద్ద కొమ్ముల జింక, కణుజు మామ, గిట్టల చప్పుడు వెనక దగ్గరవుతోంది. "కాస్త త్వరగా పలకొచ్చుగా" అని చుక్కి విసుక్కుంది.

మూడో కొండ మీద వాన, గాలి, పైగా మంచు. ఎదురుగా ఉన్న చెట్టు కనపడదు. ఒరిగిన బండ దగ్గర ఒక మలుపు ఉంది. అది దాటితే ఒక్క ఎక్కుడే, ఆ తర్వాత దిగుడే. చుక్కి ఆగి "కూ" అంది.

"ఊ" అన్నాడు బొర్రన్న.

సూదత్త పలకలేదు. చుక్కి మళ్ళీ "కూ" అంది. పలకలేదు.

"గాలికి వినపడలేదేమో" అనుకుంది చుక్కి. "అసలే వాగుడుకాయ. ఎవరితోనో కబుర్లలో పడి ఉంటుంది" అని కూడా అనుకుంది. మనకు తోచింది చేయాలనుకున్నప్పుడు సాకులు వాటంతటవే పరుగెత్తుకొస్తాయి. చుక్కి మలుపు దాటి నాలుగు అంగలు వేసింది.

అక్కడ దాని కాళ్ళు ఆగిపోయాయి. పోయిన వానాకాలం చుక్కి కాలు బెణికి వెనకపడింది. నొప్పికి ఊ అనే ఓపిక కూడా లేదు. అప్పుడు సూదత్తే వెనక్కి వచ్చి వెతికింది. "నేను పలకలేదు కదత్తా, ఎలా వచ్చావు?" అని అడిగితే, "పలికినవాళ్ళను ఎవరైనా వెతుకుతారటే? పలకనివాళ్ళనే వెతకాలి" అంది.

చుక్కికి ఏడుపొచ్చింది. దారి పేరు చేజారుతోందని ఏడుపు. అత్త ఏమైందోనని ఏడుపు. ఏడుస్తూనే వెనక్కి తిరిగి కిందికి పరుగెత్తింది.

కణుజు మామ ఎదురొచ్చాడు. "అమ్మాయ్, గెలుపు అటుంటే ఇటు పోతావేం?" అన్నాడు.

"మా అత్త పలకడం లేదు మామా."

కణుజు మామ కిందికి చూశాడు. పైకి చూశాడు. "అయ్యో పాపం" అని పైకే పోయాడు.

కింద బొర్రన్న అప్పటికే వెతుకుతున్నాడు. దారి పక్కన లోతైన గండి ఉంది. సూదత్త కాలు జారి అందులో పడింది. వాననీళ్ళు మెడదాకా వచ్చాయి.

"అరిచి అరిచి గొంతు పోయిందే" అంది సన్నగా. ఆ గొంతు విని చుక్కి గుండె తరుక్కుపోయింది.

"వెనక నుంచి నెట్టు అన్నా" అంది చుక్కి.

"నెడితే నా మూతి జల్లెడైపోతుంది. అత్తను నెట్టినవాడెవడూ బాగుపడలేదు" అన్నాడు బొర్రన్న. కానీ ఊరికే నిలబడలేదు. మూతితో గట్టును తవ్వి, ఏటవాలుగా చేశాడు. చుక్కి ఒక గట్టి తీగను పీకి, ఒక కొసను గండిలోకి వదిలింది. "పళ్ళతో పట్టుకో అత్తా. పైకి వచ్చేదాకా మాట్లాడకు" అంది.

సూదత్త మాట్లాడకుండా ఉండటం ఆ అడవి మొదటిసారి చూసింది. చుక్కి లాగింది. తీగ జారింది. మళ్ళీ లాగింది. మూడోసారికి సూదత్త గట్టెక్కింది.

ముగ్గురూ మెల్లగా కొండ ఎక్కి దిగారు. ప్రతి మలుపులో ఒక కూ, రెండు ఊలు. అందరికన్నా చివరన, చెవులదాకా బురదతో గీత చేరారు. అప్పటికే కణుజు మామ గెలిచాడు. "ఈ ఏడు ఇది కణుజు దారి" అని చాటాడు ఎలుగు తాత.

చుక్కి ఒక్కసారి కొండదారి వైపు చూసింది. అయినా "బాగా పరుగెత్తావు మామా" అంది.

కణుజు మామ తల దించుకున్నాడు. "ఆ మంచులో ఒక్కణ్ణే దిగుతుంటే భయమేసిందే. నేనూ కూ అన్నాను. ఎవరూ పలకలేదు. మీ జట్టులో నాకు చోటుందా?"

"ముందు ఊ అనడం నేర్చుకో. గెలవడం ఎవరికైనా వస్తుంది" అంది సూదత్త. గొంతు అప్పుడే తిరిగొచ్చింది. అందరూ నవ్వారు. ఎలుగు తాత తేనె పట్టు తెచ్చి నలుగురికీ పంచాడు. ఆ తడిలో, ఆ చలిలో తిన్న తేనె అంత తియ్యగా చుక్కికి ఇంకెప్పుడూ అనిపించలేదు.

మరుసటేడు దారి పేరు మారింది. ఆ పై ఏడూ మారింది. కణుజు దారి ఎవరికీ గుర్తులేదు. కానీ ఒరిగిన బండ దగ్గరి మలుపును మాత్రం ఆ అడవిలో పిల్లాపెద్దా అందరూ "చుక్కి తిరిగిన మలుపు" అనే అంటారు. ఆ పేరు ఎవరూ పందెంలో ఇవ్వలేదు. కాబట్టి ఎవరూ మార్చలేదు.

ఇదిగో, మీలో ఒకరి ఊ తగ్గింది. ఎవరిదో చూడండి. నిద్రపోయిందా? సరే, దుప్పటి కప్పండి.

నీతి: తోటివారి పలుకు ఆగినప్పుడు, మన పరుగు ఆపి వెనక్కి చూడాలి.