పెద్దమ్మ తోలు

అనగనగా, అడవిదారులకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో, ఒక కొండవాగు. ఆ వాగు ఒడ్డున ఒక అడవి. ఆ అడవిని మహాశృంగుడనే అడవిదున్న ఏలేవాడు. ఒళ్ళు కొండంత, కొమ్ములు బారెడు, మనసు మంచిదే. కాకపోతే ఎవరేం చెప్పినా నిజమేనేమో అనుకునే గుణం ఒకటుంది. రాజుకు ఆ గుణం ఉంటే ఏమవుతుందో కథ విన్నాక మీరే చెబుదురుగాని.

ఏటా చైత్రమాసంలో ఆ వాగు దుమికే చోట స్నానం చేస్తే పుణ్యమని దూరదూరాల అడవుల నుంచి జంతువులు వచ్చేవి. వచ్చినవి ఊరికే పోతాయా? వచ్చినందుకు గురుతుగా ఏదో ఒకటి పట్టుకుపోవాలి. ఒకటి పూలకొమ్మ విరిచేది. ఒకటి పిట్టగూడు ఊడబెరికేది. ఒకటి వాగులోని నున్నటి రాళ్ళన్నీ ఏరుకుపోయేది. పుణ్యం వాళ్ళకు దక్కింది, ఒడ్డు మాత్రం బోసిపోయింది. గూళ్ళు లేక పిట్టలు వలసపోయాయి.

అప్పుడు కంటకాంబ అనే ఏదుపంది ఒక ఉపాయం చేసింది. ఏదుపందిని ఎరుగుదురుగా, ఒంటినిండా పొడుగాటి ముళ్ళుంటాయి. ఆ కొండవాలున బెండుమాకులనే చెట్లుండేవి. వాటి బెరడు దళసరిగా, మెత్తగా, నీట వేస్తే తేలిపోయేంత తేలిగ్గా ఉండేది. కంటకాంబ ఆ బెరడు ఒలిచి, ఉడకబెట్టి, రాళ్ళ కింద అణిచి, తన ముళ్ళనే దబ్బనాలుగా చేసుకుని కుట్టేది. చిన్న చిన్న సంచులు, మెడపట్టీలు, మూత బరిణెలు, కాళ్ళకు కడియాలు. స్నానానికి వచ్చినవాళ్ళు తలా కాసిని దుంపలిచ్చి అవి పట్టుకుపోవడం మొదలుపెట్టారు. కొమ్మలు కొమ్మలకే ఉన్నాయి. పిట్టలు తిరిగొచ్చాయి.

మరి బెరడు ఒలిస్తే చెట్టు చావదా అంటారేమో. చావకుండా ఒలవడమే ఆమె పనితనం. బెరడు కింద పల్చటి లోపొర ఒకటి ఉంటుంది. చెట్టు ప్రాణమంతా అందులోనే. దాన్ని గీరకుండా పైది మాత్రం తీస్తే, చెట్టు నిదానంగా కొత్త బెరడు కట్టుకుంటుంది. ఒకసారి ఒలిచిన చెట్టును మళ్ళీ ముట్టుకోవాలంటే తొమ్మిదేళ్ళు ఆగాలి.

చెయ్యి కరుకెక్కకుండా ఏదుపందుల ఇంట ఒక ఆచారం ఉండేది. ప్రతి చెట్టునూ వరసపెట్టి పిలిచేవాళ్ళు. ఇది చిన్నత్త, అది మేనమామ, అదిగో ఆ పక్కకు వంగినాయన తాతయ్య. అన్నిటికంటే ముసలిది, కొండ మొదట్లో ఉన్నది, పెద్దమ్మ. అయినవాళ్ళ మీద కత్తి లోతుగా దిగదని వాళ్ళ నమ్మకం. ఇంకో సంగతి. వాళ్ళ ఇంట దాన్ని బెరడు అనరు, తోలు అంటారు.

ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి, పిల్లలూ. కొంప ముంచినవి ఇవే.

ఆ అడవిలో బిందుమతి అనే దుప్పి ఉండేది. తల్లి చిన్నప్పుడే పోతే, పెద్దమ్మే దాన్ని పెంచి పెద్దచేసింది. పెద్దమ్మ అంటే దానికి ప్రాణం. ఒకరోజు ఆవిడకు మెడపట్టీ తీసుకుందామని బిందుమతి కంటకాంబ వాకిలికి వెళ్ళింది. ఒక పట్టీని ముట్టెతో తడిమి చూసింది. వెచ్చగా ఉంది. చెవితమ్మెలా మెత్తగా ఉంది. 

ఇదేమిటత్తా, ఇంత మెత్తగా ఉందని అడిగింది.

కంటకాంబ పని చేసేటప్పుడు పళ్ళ మధ్య ఒక ముల్లు పట్టుకుని ఉంటుంది. అందుకని ఆమె మాట్లాడేదే తక్కువ. ఆ మాట్లాడిన నాలుగు ముక్కలూ ఇలా మాట్లాడింది.

"తోలమ్మా. ముసలిదాని తోలు. మొదటిసారి ఒలిస్తే గరుకు. ముసలిదైతేనే ఇంత మెత్తన."

ఆమె చెప్పింది ముసలి చెట్టు సంగతి. బిందుమతి విన్నది వేరు. ఎవరి తోలత్తా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. పట్టీని అక్కడే వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చిపడింది.

ఇంత సంగతి కడుపులో దాచుకోవడం ఎవరి తరం? మర్నాడు దీర్ఘవాలుడనే కొండముచ్చు చెవిన వేసింది. దీర్ఘవాలుడికి పండు లేకపోయినా గడుస్తుంది గాని కబురు లేకపోతే గడవదు. కంటకాంబ మీద తనకు మొదట్నుంచీ అనుమానమేనన్నాడు. నలుగురిలోకి రాదు, నోరు విప్పదు, ఏ తప్పూ చేయనిదైతే ఒంటినిండా అన్ని ముళ్ళెందుకన్నాడు. ముళ్ళు పుట్టుకతో వచ్చాయని వాడికి తెలియక కాదు. మాట బాగుందని అన్నాడు.

వెంటనే కొమ్మల మీదుగా వెళ్ళి కంటకాంబ పెరట్లోకి తొంగిచూశాడు. పెద్ద కొప్పెర పొయ్యి మీద ఉంది. అందులో నీళ్ళు ఎర్రగా కుతకుత ఉడుకుతున్నాయి. కంటకాంబ అందులోంచి వెడల్పాటి పొరలు తీసి, రాళ్ళ కింద పరుస్తోంది. బెండుమాకు బెరడు ఉడికితే నీళ్ళు ఎర్రబడతాయి. కిందికి దిగి చూస్తే ఎవరికైనా తెలిసేది. దీర్ఘవాలుడు దిగలేదు. చూసింది ఒకటైతే, దానికి మరి రెండు కలిపి అడవంతా చెప్పుకొచ్చాడు.

ఇక చూడండి తమాషా. కుందేళ్ళు పూటపూటకీ పిల్లల్ని లెక్కపెట్టుకున్నాయి. అడవిపంది తన తోలు తనకుందో లేదోనని వీపు చెట్లకు రుద్దిరుద్ది పుండు చేసుకుంది. ఒక ముసలి కుందేలు తన దగ్గరున్న సంచిని గుంట తీసి పాతిపెట్టి, మీద గరిక వేసి, వెక్కివెక్కి ఏడ్చింది. ఆ సంచి ఎవరో దానికి తెలియదు. తన చుట్టమే అయ్యుంటుందని మాత్రం గట్టి నమ్మకం. పక్కపక్కన మేసేవాళ్ళు కూడా ఒకరి వంక ఒకరు ఓరగా చూసుకోవడం మొదలుపెట్టారు. కంటకాంబకు దుంపలు అందించేదెవరు, తోళ్ళు మోసేదెవరు అని గుసగుసలు.

కంటకాంబ వాకిట్లోకి ఎవరూ రావడంలేదు. స్నానాల సందడి తగ్గిందేమోలే అనుకుంది పాపం.

ఇంతలో మూడో సంగతి జరిగింది. బిందుమతి పెద్దమ్మ పొద్దున్నే మేతకని వెళ్ళి, సందెవేళకు కూడా ఇంటికి రాలేదు. బిందుమతి వాగంతా వెతికింది. చీకటి పడుతుండగా కొండ మొదటికి చేరింది. అక్కడ ఒక పొద అవతల కంటకాంబ గొంతు వినిపించింది. ఎంతో ముద్దుగా, బుజ్జగిస్తున్నట్టుగా ఉంది ఆ గొంతు.

"పెద్దమ్మా, నీ వంతు వచ్చింది. రేపు పొద్దున్నే నీ తోలు తీస్తాను. భయపడకు. గోరంత కూడా లోపలికి దిగనుగా."

బిందుమతి పొద పక్కకు జరిగి చూడలేదు. చూస్తే ఒక చెట్టూ, ఆ చెట్టును నిమురుతున్న ఏదుపందీ కనబడేవి. బిందుమతి రాజు దగ్గరకు ఒకటే పరుగు పెట్టింది. కాళ్ళ మీద పడి, తన పెద్దమ్మను కాపాడమని ఏడ్చింది.

తెల్లవారేసరికి మహాశృంగుడు ముందు, అడవి అడవంతా వెనకా కొండ మొదటికి వచ్చారు. కంటకాంబ అప్పటికే కత్తి నూరుకుని, మానుకు దణ్ణం పెట్టుకుంటోంది. పెద్దమ్మ ఎక్కడుందని రాజు గర్జించినట్టు అడిగాడు. కంటకాంబ వింతగా చూసి, మీ ఎదురుగానే ఉంది కదా ప్రభూ అని మానును చూపించింది.

దీర్ఘవాలుడు గబగబా వెళ్ళి మానును తట్టాడు. బెండు కదా, బొదబొదమని మోగింది. "విన్నారా ప్రభూ, డొల్ల. లోపల దాచింది" అన్నాడు.

అప్పటికి గాని కంటకాంబకు సంగతి బోధపడలేదు. నోట్లో ముల్లు తీసి, ఉన్నదున్నట్టు చెప్పింది. తమ ఇంట చెట్లను వరసపెట్టి పిలుస్తామని, తోలంటే బెరడేనని, ఏ ప్రాణి ఒంటి మీదా తన కత్తి పడలేదని చెప్పింది. ఒక్క మాట కూడా అబద్ధం లేదు. కాని అందరూ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉన్నారు. నిజం మరీ ఆలస్యంగా వచ్చింది.

నమ్మకపోతే ఒలిచి చూపిస్తాను, చూడండి అంది కంటకాంబ. మాను చుట్టూ పైన ఒక గాటు, కింద ఒక గాటు పెట్టింది. నిలువుగా ఒక గీత గీసింది. కత్తి పిడిని సందులో పెట్టి మెల్లగా తిప్పితే, బెరడు తలుపు తెరిచినట్టు విడివచ్చింది. కింద లోపొర తడిగా, ఎర్రగా మెరిసింది. అప్పుడే ఒలిచిన బెండుమాకు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

నెత్తురని ఎవరో అరిచారు. బిందుమతి పెద్దమ్మా అని గావుకేక పెట్టింది. రాజు తల వంచి, కాలితో నేల గీరాడు. ఆయన రోషం చూసి అందరూ పక్కకు తప్పుకున్నారు, ఒక్క కంటకాంబ తప్ప. ఆమె మానుకు అడ్డంగా నిలబడింది. భయానికి ఆమె ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. చూసేవాళ్ళకు అది కూడా తప్పు ఒప్పుకున్నట్టే కనబడింది.

"ప్రభూ, తోలు వరకే మనకు హక్కు. లోపొర తెగితే ఇది బతకదు. నన్ను కట్టెయ్యండి, నా ముళ్ళు పీకెయ్యండి. దీన్ని మాత్రం ముట్టుకోకండి" అంది.

రాజు ఆమెను తప్పించుకుని, పక్కనుంచి వచ్చి, కొమ్ములు రెండూ మానులోకి దించాడు. కుమ్మి కుమ్మి చీల్చాడు. లోపల చెక్క ఉంది. దాని లోపల మళ్ళీ చెక్క ఉంది. ఇంకేమీ లేదు. చీలిన చోటునుంచి రసం కారి నేల తడిసింది.

ఆ సమయంలో గట్టు మీదనుంచి ఒక ముసలి దుప్పి తూలుకుంటూ దిగివచ్చింది. బిందుమతి పెద్దమ్మ. గట్టు అవతల ఇప్పపూలు విరగరాలాయట, కడుపునిండా తిని, ఆ మత్తుకు అక్కడే పడి నిద్రపోయిందట. ఇంతమంది పోగై ఉండడం చూసి ఆవిడ కంగారుపడింది.

"ఏమైందే బిందూ, ఎవరైనా పోయారా?" అని అడిగింది.

కంటకాంబ మాను మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"మా పెద్దమ్మ పోయిందమ్మా" అంది.

ఆమె ఆ గాయానికి మట్టి మెత్తింది, గడ్డి చుట్టింది. రాజు రోజూ స్వయంగా నీళ్ళు మోసుకొచ్చి పోశాడు. బిందుమతి రాత్రీ పగలూ మేకలకు అడ్డం నిలబడి కాపలా కాసింది. అయినా వానలు మొదలయ్యేసరికి పెద్దమ్మ ఆకులన్నీ రాల్చేసింది. చుట్టుపక్కల అన్నీ చిగిర్చాయి గాని అది చిగిర్చలేదు. దీర్ఘవాలుడు కొన్నాళ్ళపాటు, అది చెట్టేనని తను ముందే అన్నానని చెప్పుకు తిరిగాడు. కొండముచ్చుల ముఖాలు నల్లగా ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసిందిగా.

మహాశృంగుడు కంటకాంబ వాకిటికి వచ్చి తల దించుకున్నాడు. తప్పు చేశానన్నాడు, ఏం కావాలన్నా ఇస్తానన్నాడు. ఆమె ఏమీ అడగలేదు. పెద్దమ్మ ఒంటినుంచి ఆఖరుసారి తీసిన తోలు పెరట్లో ఉంది. దాన్ని చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత చెక్కి, మలిచి, రెండు బిరడాలు చేసింది. రాజు కొమ్ముల కొనలకు చెరొకటి బిగించింది.

"ఇక్కడికి వచ్చినవాళ్ళు ఒక గురుతు పట్టుకెళ్తారు ప్రభూ. ఇది మీది. ఎవరినైనా పొడవాలనిపిస్తే, ముందు వీటిని తీయించుకోండి" అంది.

అదే ఆమె తెలివి. ఎంత మహారాజైనా తన కొమ్ము కొన తనకు అందదుగా. బిరడా తియ్యమని పక్కవాళ్ళను అడగాలి. ఎందుకని వాళ్ళు తిరిగి అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే తనకు నిజంగా తెలిసి ఉండాలి. తెలియదని తేలితే, వెళ్ళి కనుక్కోవాలి. కనుక్కుని వచ్చేసరికి కోపమూ ఉండేది కాదు, పొడవాల్సినవాళ్ళూ ఉండేవాళ్ళు కాదు. మహాశృంగుడు బతికినంతకాలం ఆ బిరడాలు ఊడలేదు.

బిందుమతి మరుసటి చైత్రంలో కొండ మొదట్లో ఒక బెండుమొక్క నాటింది. దానికి ఏం వరస పెడదామని కంటకాంబను అడిగింది. నాటినదానివి నువ్వు, నువ్వే చెప్పమంది కంటకాంబ. బిందుమతి ఆలోచించి, చెల్లెలు అంది. తర్వాత ఆమె పక్కన కూర్చుని, తను ఆరోజు అడగవలసిన మాటను ఇప్పుడడిగింది. ఈ పట్టీ ఎవరి తోలత్తా అని. తాతయ్యదమ్మా అని చెప్పి, కంటకాంబ దాన్ని తీసి బిందుమతి పెద్దమ్మ మెడకు కట్టింది.

కనుక పిల్లలూ, నోరు తెరిచి అడిగితే తెలిసిపోయే చోట అనుమానానికి కొమ్ములివ్వకండి. అది తోలు దగ్గర ఆగదు, ప్రాణం దాకా పోతుంది.